డాబాకు, బాత్రూమ్‌కు చేసిన వాటర్‌ప్రూఫింగ్ నిలుస్తుందో లేదో నీళ్లు నిలిపి పరీక్షించడం ఎలా?

"డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, మేస్త్రి బాగా వచ్చిందంటున్నాడు, కానీ వానాకాలం రాకముందే ఆ సంగతి మాకు ఎలా తెలుస్తుంది?" అన్న ప్రశ్న ఎండాకాలం మొదలైన దగ్గర నుంచి హైదరాబాద్ పాఠకులు పదే పదే అడుగుతున్నారు. జవాబు అందరికీ తెలిసిందే, నీళ్లు నిలిపి చూడాలి. అయితే చాలా ఇళ్లలో సాయంత్రం నీళ్లు పట్టి, పొద్దున్నే వదిలేసి, కింద చుక్క పడలేదు కాబట్టి పని బాగుందని మిగిలిన డబ్బు చెల్లించేస్తున్నారు. అలాంటి పరీక్షను నమ్మడానికి లేదు. స్లాబులోకి దిగిన నీరు కింది సీలింగ్ మీద మరకగా కనిపించడానికి కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది, పైన కోబా, అంటే ఇటుక ముక్కలూ సిమెంటు మాలూ కలిపి వేసే మందపాటి పొర ఉంటే ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

పరీక్ష పనికి రావాలంటే రెండు నియమాలు పాటించాలి. మొదటిది, వాటర్‌ప్రూఫింగ్ పొర మీద టైల్స్, బండలు, కాంక్రీటు ఏదీ పరవకముందే పరీక్షించాలి, ఎందుకంటే కప్పేసిన తరువాత లీకు ఉందని తెలిసినా అది ఎక్కడుందో తెలియదు. రెండవది, ఒకసారికి ఒక్క నీటిదారినే పరీక్షించాలి. స్లాబు, డ్రైనేజీ పైపు, మంచినీటి పైపు, బయటి గోడ అన్నిటినీ ఒకేసారి తడిపితే, మరక కనిపించిన రోజున ఏది కారిందో ఎవరూ చెప్పలేరు.

ఎప్పుడు చేయాలి?

పూత ఆరి గట్టిపడిన తరువాతే చేయాలి. సిమెంటు ఆధారిత రెండు భాగాల పూతలకు, పాలీయూరిథేన్ పూతలకు సాధారణంగా వారం రోజులు ఆగమంటారు. వేడిచేసి అతికించే తారు షీట్లకు అంత గడువు అక్కర్లేదు. డబ్బా మీద లేదా కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్న గడువే ప్రమాణం, మేస్త్రి నోటిమాట కాదు. తొందరపడి మూడో రోజే నీళ్లు నింపితే మంచి పూత కూడా ఉబ్బి లేచిపోవచ్చు.

హైదరాబాద్‌లో ఈ పనికి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా అనువైన కాలం. ఎండ వల్ల నీరు త్వరగా ఆవిరైపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి కింద చెప్పాను. పరీక్ష మధ్యలో వాన పడితే మట్టం లెక్క పనికిరాదు, అప్పుడు కొత్త గీత గీసుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.

కావలసినవి

- డ్రెయిన్ రంధ్రాలు మూయడానికి మర తిప్పితే వ్యాకోచించే రబ్బరు బిరడాలు. అవి దొరకకపోతే పాలిథిన్‌లో చుట్టిన గుడ్డ ఉండలు, వాటికి కట్టడానికి గట్టి తాడు
- గట్టు కట్టడానికి ఇటుకలు, పాలిథిన్ సంచుల్లో నింపిన ఇసుక
- స్టీలు స్కేలు, నీటికి చెరగని మార్కరు, పెన్సిలు
- వెడల్పాటి ప్లాస్టిక్ టబ్ ఒకటి
- టార్చిలైటు, కెమెరా ఉన్న ఫోను, ఒక నోటుపుస్తకం
- వీలైతే చెమ్మను కొలిచే, పిన్నులున్న మాయిశ్చర్ మీటరు

నీళ్ల సంగతి ముందే చూసుకోండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సగటున 5 సెంటీమీటర్ల నీరు నిలపాలంటే సుమారు 4,650 లీటర్లు కావాలి, అంటే దాదాపు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. అందుకే పరీక్ష అయ్యాక ఆ నీటిని ఇంకుడు గుంతలోకో మొక్కలకో మళ్లించే ఏర్పాటు ముందే చేసుకోండి.

నీళ్లు నింపే ముందు బరువు లెక్క

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే అది 10 కిలోల బరువు. పది సెంటీమీటర్లు నిలిస్తే 100 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే చదును కప్పుకు భవనాల మీది బరువులను చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకోమంటుంది. ఎక్కే వీలు లేని కప్పుకు అందులో సగమే. అందువల్ల "ఎక్కువ నీళ్లు పోస్తే పరీక్ష గట్టిగా ఉంటుంది" అన్న ఆలోచన ప్రమాదకరం. డాబాకు ఎత్తైన చోట రెండున్నర సెంటీమీటర్లు నిలిస్తే చాలు.

ఇక్కడ వాలు అడ్డం వస్తుంది. డాబాను వందకు ఒకటి చొప్పున వాలుగా తీర్చి ఉంటే, ఆరు మీటర్ల దూరానికి ఆరు సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎత్తు వైపు 2.5 సెంటీమీటర్లు ఉండాలంటే డ్రెయిన్ వైపు 8.5 సెంటీమీటర్లు నిలుస్తుంది. అదే పది మీటర్ల పొడవైతే డ్రెయిన్ దగ్గర లోతు 12.5 సెంటీమీటర్లకు చేరుతుంది. అలాంటప్పుడు మధ్యలో గట్టు కట్టి డాబాను భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించండి. నీళ్లూ తక్కువ పడతాయి, లీకు ఏ భాగంలో ఉందో కూడా తేలుతుంది.

పాతబస్తీలోను, పాత కాలనీల్లోను ఇనుప గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పులు ఇంకా ఉన్నాయి. అలాంటి కప్పు మీద గానీ, కింద పెచ్చులూడి తుప్పు పట్టిన కడ్డీలు కనిపిస్తున్న స్లాబు మీద గానీ నీళ్లు నిలపకండి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి.

డాబా పరీక్ష

1. నీళ్లు పట్టకముందే కింది గదులన్నిటి సీలింగ్‌ను ఫోటోలు తీయండి. పాత మరకలుంటే వాటి అంచు వెంట పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఇది చేయకపోతే, పాత మరకా కొత్త మరకా అన్న వాదన మీకూ కాంట్రాక్టరుకూ మధ్య తెగదు. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒకటి రెండు చోట్ల లైటు విప్పి లోపలి స్లాబు కనిపించేలా చేయండి.

2. ఇతర నీటి మూలాలన్నిటినీ ఆపండి. ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లడం, సోలార్ హీటరు పైపు జాయింటు నుంచి చుక్కలు పడటం, ఏసీ నీళ్ల పైపు డాబా మీదికి వదలడం, ఇవన్నీ పరీక్షను పాడుచేస్తాయి.

3. కింది గదుల్లో సీలింగ్ ఫ్యాన్లు, లైట్ల సర్క్యూట్ల ఎంసీబీలు ఆపేయండి. స్లాబులో కరెంటు గొట్టాలు పోతాయి కాబట్టి, లీకు ఉంటే నీరు చాలాసార్లు మొదట ఫ్యాన్ బాక్సు దగ్గరే కనిపిస్తుంది. పరీక్ష జరిగినంతసేపు ఆ గదుల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డుతో పని జరుపుకోండి.

4. డ్రెయిన్ రంధ్రాలు మూయండి. పూర్తిగా మూయడం కంటే మెరుగైన పద్ధతి ఒకటుంది. మీకు కావలసిన నీటిమట్టం ఎత్తుకు కోసిన పీవీసీ గొట్టం ముక్కను రంధ్రంలో నిలువుగా బిగించి, చుట్టూ నీరు పోకుండా మూయాలి. రాత్రి అనుకోకుండా వాన పడితే మట్టానికి మించిన నీరు ఆ గొట్టం గుండా దిగిపోతుంది, స్లాబు మీద బరువు పెరగదు. గుడ్డ ఉండలు వాడితే మాత్రం వాటికి తాడు కట్టి బయట ఉంచండి. తాడు లేని ఉండ పైపులోకి జారిపోతే దాన్ని తీయడానికి పైపు పగలగొట్టాల్సి వస్తుంది.

5. గట్లు కట్టేటప్పుడు కొత్త పూత మీద నేరుగా సిమెంటు మాలు వేయకండి. తీసేటప్పుడు పూత కూడా దానితో పాటే లేచి వస్తుంది. పాలిథిన్ సంచుల్లో ఇసుక నింపి, ఇటుకల ఆసరాతో పేర్చితే సరిపోతుంది. గట్టు కింద నుంచి కాస్త నీరు పక్కకు జారినా పరవాలేదు, ఆ సంగతి రాసుకుంటే చాలు.

6. నీటిమట్టం పిట్టగోడ మీదికి ఎక్కించిన పూత అంచు కంటే కనీసం 5 సెంటీమీటర్లు కిందే ఉండాలి. మెట్ల గది గడప కంటే కూడా తక్కువ ఉండాలి. పూత లేని గోడలోకి నీరు ఎక్కి కారితే ఆ తప్పు వాటర్‌ప్రూఫింగ్‌ది కాదు.

7. నీళ్లు నెమ్మదిగా నింపండి. ట్యాంకరు గొట్టం నోరు నేరుగా పూత మీద పడకుండా కింద ఒక గోనెసంచి పరచండి. నింపేటప్పుడు పిట్టగోడ మూలలు, పైపులు స్లాబును చీల్చుకుని వచ్చే చోట్లు గమనించండి. బుడగలు అదే పనిగా పైకి వస్తుంటే అక్కడ సందు ఉందని అనుమానించి గుర్తుపెట్టుకోండి.

8. మూడు నాలుగు గంటలు ఆగి, ఉపరితలం పీల్చుకున్నంత పీల్చుకున్నాక మళ్లీ మట్టానికి నింపండి. ఇప్పుడు పిట్టగోడ మీద మార్కరుతో గీత గీసి, తేదీ, సమయం రాయండి. టబ్‌లో కూడా నీళ్లు నింపి, తేలకుండా లోపల అడుగున ఒక ఇటుక పెట్టి, ఆ టబ్‌ను డాబా మీది నీటిలోనే ఉంచి లోపల గీత గీయండి. ఎండా గాలీ రెండింటికీ ఒకటే కాబట్టి, టబ్‌లో తగ్గినంత ఆవిరి, అంతకు మించి తగ్గినది లీకు. మే నెల ఎండలో రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఆవిరైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

9. డాబాకు కనీసం 48 గంటలు, కోబా లేదా పాత పొరల మీద కొత్త పూత వేసి ఉంటే 72 గంటలు నీళ్లు నిలపండి. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రెండు గీతల దగ్గరా కొలిచి రాయండి. మధ్యలో నీళ్లు కలపకండి. కలపక తప్పకపోతే, కలిపే ముందు కొలత, కలిపిన తరువాత కొలత రెండూ రాయాలి.

10. అదే సమయాల్లో కింద చూడండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. టార్చిలైటును సీలింగ్‌కు దాదాపు ఆనించి పక్కవాటుగా వేస్తే, కంటికి ఆనని చెమ్మ కూడా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అనుమానం ఉన్న చోట పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. సీలింగ్ నడిమధ్య చూసి వెళ్లిపోకుండా గోడ, స్లాబు కలిసే అంచులు, బీముల పక్కలు, బయట సజ్జాల అడుగు, మెట్ల గది గోడ, ఫ్యాన్ బాక్సులు అన్నీ చూడాలి. మరక కనిపిస్తే చుట్టూ పెన్సిలుతో గీసి సమయం వేయండి. తరువాతి సారికి గీత దాటి పెరిగితే అది ఇప్పుడు జరుగుతున్న లీకు.

11. నీళ్లు వదిలేటప్పుడు అన్ని రంధ్రాలూ ఒక్కసారిగా తెరవకండి, సగం సగంగా తెరవండి. పైపు జాయింట్లు నిండుగా పారుతున్నప్పుడే కారతాయి కాబట్టి, ఆ సమయంలో కింద ఒకరు నిలబడి పైపు పొడవునా చూస్తుంటే డౌన్ పైపు పరీక్ష కూడా అయిపోతుంది. వదిలిన తరువాత ఇంకో రెండు రోజులు సీలింగ్ చూస్తూ ఉండండి. అరగంట తరువాత డాబా మీద ఎక్కడ గుంటలుగా నీరు మిగిలిందో ఫోటో తీయండి. అది లీకు కాకపోయినా వాలు లోపం, పై పని మొదలుకాకముందే సరిచేయించుకోవాలి. గుంటల్లోని నీటిని చీపురుతో ఊడ్చేయండి, దోమలకు అదే చాలు.

పరీక్ష జరుగుతున్నన్ని రోజులూ మెట్ల తలుపుకు తాళం వేసి ఉంచండి. చిన్నపిల్లలకు అంత తక్కువ నీరు కూడా ప్రమాదమే.

ఫలితం ఎలా చదవాలి?

టబ్‌లోను డాబా మీదను నీరు సమానంగా తగ్గి, కింద ఎక్కడా చెమ్మ లేకపోతే పని బాగుంది. డాబా మీద ఎక్కువ తగ్గి, కింద పొడిగానే ఉంటే ముందు బిరడాను అనుమానించండి. నేల మీద డౌన్ పైపు చివర ఒక పొడి కాగితం పెట్టి గంట తరువాత చూస్తే తెలిసిపోతుంది. గట్టు కింద జారడం, పిట్టగోడ బయటి వైపు చెమ్మ కూడా చూడండి. బిరడా సరిచేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

మట్టంలో తేడా కనిపించకుండా కింద మాత్రం మరక వస్తే చాలామంది తికమకపడతారు. సన్నని పగులు గుండా రోజుకు రెండు మూడు లీటర్లు దిగినా వెయ్యి చదరపు అడుగుల మీద ఆ తేడా స్కేలుకు అందదు. కాబట్టి కింది మరకదే చివరి మాట. అయితే మరక ఉన్న చోటికి నేరుగా పైనే లోపం ఉంటుందని అనుకోకండి. నీరు స్లాబులో, కోబాలో, కరెంటు గొట్టం వెంట చాలా దూరం పాకి తనకు దారి దొరికిన చోట దిగుతుంది. అలాంటప్పుడు డాబాను చిన్న భాగాలు చేసి, పల్లపు భాగంతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా నింపండి. ఏ భాగం నింపితే మరక పెరిగిందో ఆ భాగంలో పైపుల చుట్టూ, మూలల్లో, రేకుల షెడ్డు బోల్టుల దగ్గర, ట్యాంకు దిమ్మెల కింద ముందు వెతకండి. నా అనుభవంలో పూత మధ్యలో కంటే ఈ చోట్లలోనే లోపాలు ఎక్కువ.

రంగు నీళ్లు పోసి చూడవచ్చా అని అడుగుతారు. భాగాలు చేసినా దారి తెలియనప్పుడు తినే రంగు కలిపి చూడవచ్చు, కానీ కాంక్రీటు, కోబా రంగును చాలావరకు పీల్చేస్తాయి. కింద రంగు కనిపించలేదు కాబట్టి లీకు లేదని తేల్చకండి. థర్మల్ కెమెరా కూడా అంతే, చెమ్మ ఉండవచ్చన్న సూచన ఇస్తుంది, రుజువు మాత్రం మీటరుతోనో కంటితోనో చూసుకోవాలి.

బాత్రూమ్ పరీక్ష

ఫ్లాట్లలో గొడవలన్నీ దాదాపు ఇక్కడే. ముందు లక్షణాన్ని గమనించండి. ఎవరూ వాడకపోయినా రోజంతా చుక్క పడుతుంటే మంచినీటి పైపును అనుమానించాలి. స్నానం చేసిన తరువాతే కారితే ట్రాప్ (నేల మీది జాలీ కింద నీళ్లు పోయే గొట్టం మలుపు), డ్రైనేజీ జాయింటు లేదా నేల. వాన పడినప్పుడే వస్తే బయటి గోడ. ఈ వరుసలోనే పరీక్షించండి.

1. కింది ఫ్లాటు వారికి ముందే చెప్పి, రోజుకు రెండుసార్లు వచ్చి చూడటానికి అనుమతి అడగండి. వాళ్ల బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీయించుకోవాలి.

2. మంచినీటి పైపులను ప్లంబరు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, గేజిలో ముల్లు పడిపోతుందేమో చూస్తాడు. పడిపోతే అది సరిచేసేదాకా మిగతా పరీక్షలు వృథా. వేడినీటి లైనును విడిగా చూడాలి.

3. ట్రాప్‌ను బిరడాతో మూసి, గడప దగ్గర ఇసుక సంచులతో గట్టు కట్టి, 3 నుంచి 5 సెంటీమీటర్ల నీరు నింపండి. పైపుల కోసం బాత్రూమ్ కింద పల్లంగా పోసిన స్లాబు అంతా నిండేలా నింపక్కర్లేదు. 24 గంటలు కనీసం, 48 అయితే మేలు. ఈ సమయంలో ఆ బాత్రూమ్ వాడకూడదు, పై అంతస్తు నుంచి దిగే పైపు దగ్గర చెమ్మ కనిపిస్తే దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

4. కింద పొడిగా ఉంటే, బిరడా తీసి నాలుగైదు బకెట్లు ఒకేసారి పోయండి. అప్పుడు కారితే లోపం ట్రాప్ చుట్టూ లేదా డ్రైనేజీ జాయింటులో ఉంది.

కొత్త బాత్రూమ్‌కైతే ఈ నీటి పరీక్ష మూడుసార్లు చేయించాలి: పూత వేసిన తరువాత, పైపులు పరిచి వాటి చుట్టూ మూసిన తరువాత, టైల్స్ వేసి ట్రాప్ బిగించిన తరువాత. చాలామంది మొదటిది ఒక్కటే చేస్తారు. కానీ పూత వేసిన మర్నాడే ప్లంబరు అదే పూత మీద సుత్తి, ఉలితో పనిచేస్తాడు, రెండో పరీక్ష లేకపోతే ఆ దెబ్బ టైల్స్ కింద ఉండిపోతుంది.

బయటి గోడలు

మన దగ్గర నైరుతి గాలితో వచ్చే వాన పడమర, దక్షిణ గోడల మీదే ఎక్కువగా కొడుతుంది. గోడను పైపుతో తడిపేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లాలి. కింది భాగం, తరువాత కిటికీ అడుగు, తరువాత కిటికీ పక్కలు, చివరికి సజ్జా పైభాగం. ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు, లోపల ఒకరు చూస్తూ ఉండాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదా కారి, దారి ఏదో తెలియదు. లోపలి గోడ చెమ్మ గదిలోని గాలి తేమ వల్లనేమో అన్న అనుమానం ఉంటే, ఒక అడుగు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు చుక్కలు పడితే చెమ్మ గోడలోనిదే.

తరచు జరిగే పొరపాట్లు

తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేశాక వాటర్‌ప్రూఫింగ్ అయిపోయిందనుకోవడం మొదటిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిన తరువాత ఈ పూతలు బాగా పెరిగాయి, మంచిదే, కానీ ఎండను తిప్పికొట్టే పూతలన్నీ నీటిని ఆపవు. నీటిని ఆపుతుందని డబ్బా మీద స్పష్టంగా ఉంటేనే దాన్ని ఈ పరీక్షకు పెట్టాలి.

పరీక్షకు ముందే కింది సీలింగ్‌కు పుట్టీ, పెయింటు వేయించడం రెండోది. కొత్త పెయింటు చెమ్మను కొన్నాళ్లు దాచేస్తుంది, తరువాత బుడగలై లేస్తుంది. కాంట్రాక్టరు ఆ తొందర పెడితే ఒప్పుకోకండి. నీటి లోతు, గంటలు, పరీక్షలో తప్పితే ఎవరి ఖర్చుతో సరిచేయాలి అన్న మూడు సంగతులను పని మొదలుకాకముందే కాగితం మీద రాయించుకోండి. బిల్డరు నుంచి కొన్న ఫ్లాటైతే, రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు పని నాణ్యత లోపం తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. తేదీలు వేసిన మీ ఫోటోలు, నోటుపుస్తకం అప్పుడు ఉపయోగపడతాయి.

లీకు దొరికి మరమ్మతు చేశాక, మరమ్మతు చేసిన చోట మాత్రమే బకెట్ నీళ్లు పోసి సరిపెట్టకండి. పూత గడువు ఆరనిచ్చి, ఆ భాగం మొత్తాన్ని మొదటిసారి నింపిన మట్టానికే నింపి, అన్ని గంటలూ నిలపండి. కింది సీలింగ్‌లోని పాత చెమ్మ ఆరడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి, మీటరు ఉంటే పక్కనే ఉన్న పొడి చోటు అంకెతో పోల్చి చూడండి, లేకపోతే పెన్సిలు గీతలు దాటి మరక పెరగకుండా రంగు తేలికవుతోందో లేదో చూడండి. ఆ రెండు అంకెలూ దగ్గరికి వచ్చాకే పుట్టీ వేయించండి.